ఎద్దు తోకా, మూసిన పుటలూ

వేదాంతం గురించి ఎవరైనా అడిగితే ఇప్పటికీ నాలుగు మాటలు చెప్పగలను. కాకపోతే చెప్పేముందు ఒకసారి చుట్టూ చూసుకుంటాను. ఇరవై మూడేళ్ల వయసులో ఆళ్లగడ్డలో ఒక పుస్తకానికి నేను చెప్పిన అర్థాలు విన్నవాళ్లెవరైనా దగ్గర్లో కూర్చుని ఉన్నారేమోనని నా భయం.

అప్పుడు మాకు కర్నూలు రాజధాని. నాది నంద్యాల. తెలుగు పంతులుగా నా మొదటి ఉద్యోగం ఆళ్లగడ్డలో. ఒక రేకు పెట్టె, ఒక పరుపుచుట్ట, రెండు జతల పంచెలు, బోలెడంత గర్వం తీసుకొని బస్సు దిగాను. నాకు కొరుకుడు పడని తెలుగు పుస్తకం ఇంకా అచ్చు కాలేదని నా నమ్మకం. ఎవరైనా పద్యం చదివితే వాళ్లు ఆపకముందే అర్థం చెప్పేసేవాణ్ని. అర్థం తెలియని చోట ఇంకా గట్టిగా చెప్పేవాణ్ని.

ఒక పెద్ద రైతు తన మిద్దెలో వీధివైపు గది నాకు ఇచ్చాడు. ఊళ్లో అందరూ పెద్దాయన అనేవాళ్లు, నేనూ అదే అన్నాను. అరవై దాటిన మనిషి, మాట కరుకు. భార్య పోయి ఏడాది. ఉన్న ఒక్క కొడుకూ చాగలమర్రి పక్కనున్న పొలాల దగ్గరే ఉండి వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు. కాబట్టి ఇంట్లో ఉండేది పెద్దాయన, ముప్పై దాటిన కోడలు, నాలుగు ఎద్దులు.

ఆ ఇంటి పద్ధతి అర్థం కావడానికి నాకు వారం పట్టింది. కోడలు మామ ముందుకు వచ్చి నేరుగా మాట్లాడదు. మామ కూడా కోడల్ని నేరుగా ఏమీ అడగడు. మధ్యలో ఒక మనిషి ఉండాలి. అత్త ఉన్నన్నాళ్లూ ఆ మనిషి అత్త. ఆమె పోయాక ఏడాదిపాటు ఎద్దులతో నెట్టుకొచ్చారు. కోడలు కొట్టంలోకి పోయి, "ఏమప్పా, మీ పెద్దాయన బువ్వకు రాడంటనా" అని ఎద్దును అడిగితే, ఇవతల పెద్దాయన లేచి కాళ్లు కడుక్కునేవాడు. నేను వచ్చాక ఆ పని ఎద్దుల నుంచి నాకు బదిలీ అయింది.

"అయివోరూ, మామకు చెప్పు, రొట్టె చల్లారిపోతాంది" అని తలుపు చాటునుంచి వినపడేది. మామ నాకు మూడడుగుల దూరంలో కూర్చొని ఉండేవాడు.

"ఆయమ్మకు చెప్పప్పా, వస్తాండానని" అనేవాడు ఆయన.

నేను అటు తిరిగి ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి అప్పజెప్పేవాణ్ని. బడిలో పాఠం చెప్పి వచ్చి ఇంట్లో ఇదొకటి.

ఒక సాయంత్రం పెద్దాయన దేవుని గూట్లోంచి పసుపు గుడ్డ మూట ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. విప్పితే మందపాటి పుస్తకం. అట్టంతా పసుపూ కుంకుమా పూసి పూసి గడప మాదిరి తయారైంది. లోపల వేదాంతం. సంధులూ సమాసాలూ ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్న పాత గ్రాంథికం.

"దీన్ని చదివి నాకు అర్థం చెప్పాల అయివోరూ" అన్నాడు. తర్వాత మిగతాది చెప్పాడు. "మా యింటామె పదారేండ్ల కిందట ఒక గురువు దగ్గర ఉపదేశం తీసుకుండె. నన్నూ రమ్మనింది. నాకియన్నీ సరిపడవంటి. ఆయప్ప ఆమె చెవులో ఏందో చెప్పి ఈ పుస్తకం చేతికిచ్చినాడంట. ఏం చెప్పినాడే అంటే చెప్పదు. మరుగంట, బయటపెట్టగూడదంట. అడిగినప్పుడల్లా నవ్వేది. పదైదేండ్లు అడిగితి. పోయే దినం గూడా అడిగితి. నవ్వుకుంటానే పాయె."

గురువు శిష్యుడి చెవిలో చెప్పే రహస్యాన్ని మా వైపు మరుగు అంటారు. దాన్ని మొగుడికి పెళ్లాం చెప్పకూడదు, పెళ్లానికి మొగుడు చెప్పకూడదు.

"ఆమెకు చదువు రాదు. దినమ్మూ దీనికి దండం పెట్టుకునేది. ఆ గురువూ పోయినాడు. ఇంక మిగిలింది ఇదొక్కటే. ఆమెకు తెలిసింది ఏందో నాకు తెల్లాల" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు నా ముఖం చూడలేదు.

నాకు జాలి కలగాల్సింది. నిజం చెప్పాలంటే సంతోషం కలిగింది, నా పాండిత్యానికి ఇన్నాళ్లకు పని దొరికిందని. ఈ వాక్యం రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మరునాటి నుంచి బడి వదిలాక దీపాలు పెట్టే వేళ వరకు ఇంటి ముందరి పడసాలలో పురాణం మొదలైంది. వినడానికి పెద్దాయనతో పాటు ఇంకో ఇద్దరు చేరారు. ఒకాయన రాతి విగ్రహాలు చెక్కే శిల్పి, మోచేతుల దాకా రాతిదుమ్ముతోనే వచ్చేవాడు. ఇంకొకాయన అంగడి శెట్టి, మూడో వాక్యానికి నిద్రపోయేవాడు. తలుపు వెనక కోడలు చేటతో జొన్నలు చెరిగేది. కఠినమైన చోటు వచ్చినప్పుడల్లా ఆ చేట చప్పుడు ఆగిపోయేది. జొన్నల్లో రాళ్లు ఎక్కువగా వచ్చాయేమో అనుకునేవాణ్ని.

మొదటి రోజే చిక్కు వచ్చింది. ఒకటో పుట "కనుక చూచువాడెవడని విచారింపగా, వాడు" అన్న మాటతో ముగిసింది. పుట తిప్పాను. తర్వాతి రెండు పుటలు పైఅంచున ఒకదానికొకటి కలిసిపోయి, లోపలివైపుకు మూసుకొని ఉన్నాయి. మళ్లీ తెరుచుకున్నది నాలుగో పుట. అది "ఎద్దు తోకను విడువక పట్టుకొని ఏటిలో నిలిచెను" అని మొదలైంది. ముందుకు తిప్పి చూశాను. అయిదు తర్వాత ఎనిమిది, తొమ్మిది తర్వాత పన్నెండు. పుస్తకమంతా ఇదే వరస. రెండు పుటలు తెరుపు, రెండు పుటలు మూత.

"ఎద్దు యాడ్నుంచి వచ్చె?" అన్నాడు శెట్టి. ఆ రోజు ఇంకా నిద్రపట్టలేదు ఆయనకు.

పెద్దాయన పుస్తకం తీసుకొని ఆ అంచుల మీద వేలు పెట్టి నిమిరి చూశాడు. "ఇవి మరుగు పుటలప్పా. ఉపదేశం తీసుకున్నోళ్లకు మాత్రమే. నేను తీసుకోలేదు గదా, నాకు మూత."

"మా పనిలో ఐతే మూసిండేదాన్ని ఉలి పెట్టి చూస్తాం" అన్నాడు శిల్పి.

"ఉలి యాల, కిందినుంచి రోంత కన్ను పెట్టి చూస్తే అచ్చరాలు కనపడతాయి" అన్నాడు శెట్టి.

పెద్దాయన ఆయనవైపు తిరిగాడు. "ఆమె నోటితో చెప్పనిదాన్ని నేను సందులోంచి తొంగి చూడాల్నా?"

శెట్టి మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అందరూ నావైపు చూశారు. నేను అంతవరకు చదివినవన్నీ అంచులు నున్నగా కత్తిరించిన బడిపుస్తకాలు. ఇలాంటి పుస్తకాన్ని జన్మలో చూడలేదు. తెలియదు అని ఉండవచ్చు. అనలేదు. "గ్రంథకర్త కావాలనే మూయించాడు. సంప్రదాయం అది. తెరిచి ఉన్నదాని బలంతో మూసినదాన్ని ఊహించుకోవాలి" అన్నాను. చెబుతూ ఉండగానే నాకే నిజమనిపించింది.

చూచువాడు ఎద్దు తోక పట్టుకొని ఏటిలో ఎందుకు నిలబడ్డాడో వివరించడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఎద్దు మనసు అన్నాను. తోక ఊపిరి అన్నాను. ఏరు సంసారం. దాటకుండా నిలిచాడంటే దాటాల్సిన ఒడ్డు లేదని తెలుసుకున్నాడన్నమాట. మూడో రోజు ఆ మాట అన్నాక శిల్పి కళ్లు మూసుకొని తల ఊపాడు. నా మీద నాకే గౌరవం పెరిగిపోయింది.

ఆ తర్వాత వంకాయలు వచ్చాయి. అయిదో పుట చివర "గురువు ప్రసన్నుడై శిష్యుని శిరస్సుపైన" అని ఉంది. ఎనిమిదో పుట మొదట "వంకాయల గంపను ఉంచి సంతకు పంపెను" అని ఉంది. ప్రసన్నుడైన గురువు వంకాయల గంప ఎందుకు పెడతాడు? నేను తడుముకోలేదు. వంకాయకు ముచ్చికే కిరీటం, ముచ్చికకు ముళ్లు, అదే అహంకారం, దాన్ని తలమీద మోసి సంతలో వదిలించుకోవాలి అని చెప్పాను. ఇది శెట్టిని బాగా పట్టుకుంది. ఆ రోజు నుంచి ఆయన వంకాయ తినడం మానేశాడు. ఇంట్లో ఎంత బతిమాలినా తినలేదట.

ఇలా రెండు నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే కోడలి గొంతు వినపడింది. "అయివోరూ, మామకు చెప్పు, ఆ ఎద్దు తంతాది."

కొట్టంలోకి పోయి చూశాను. పెద్దాయన బూడిదరంగు మైలఎద్దు వెనక నిలబడి, రెండు చేతులతో దాని తోక పట్టుకొని, కళ్లు మూసుకొని ఉన్నాడు. ఎద్దు గడ్డి నమలడం ఆపి మెడ వెనక్కి తిప్పి చూస్తోంది.

"ఎద్దు తంతుందంటోంది" అన్నాను.

"ఆయమ్మకు చెప్పు, తంతే అది నా కర్మ అని" అన్నాడు కళ్లు తెరవకుండానే. ఆ తర్వాత గొంతు తగ్గించి నాతో అన్నాడు. "తోక ఊపిరి అంటివి గదా. దినమ్మూ పట్టుకుంటాండా. మా యింటామె గూడా ఇట్లనే ఏందో పట్టుకొనుంటాది. రోంత దగ్గరకొచ్చినట్లుండాది అయివోరూ."

వేదాంతంలోని ఎద్దు వేరు, కొట్టంలోని ఎద్దు వేరు అని చెప్పాలనుకున్నాను. కానీ ఆయన ముఖం నేను వచ్చినప్పటి నుంచి చూడనంత తేటగా ఉంది. చెప్పకుండానే వెనక్కి తిరిగాను. శిల్పికి ఈ సంగతి తెలిసి, "ముందు ఎద్దుకొస్తాది జ్ఞానం" అన్నాడు.

ఒక శనివారం నంద్యాల పోయాను. అక్కడ గ్రంథాలయంలో నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన ముసలాయన పుస్తకాలు చూసుకునేవాడు. ఆయన దగ్గర నా ప్రతాపం చెప్పుకోకపోతే నాకు తిన్నది అరగదు. పుస్తకం పేరు చెప్పి, రెండు నెలలుగా దాన్ని ఊరికి బోధిస్తున్నానన్నాను. ఆయన ముక్కుపొడి పీల్చి, లోపలికి పోయి, అదే పుస్తకం ఇంకో ప్రతి తెచ్చి ఇచ్చాడు.

తెరిచాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అన్ని పుటలూ వరసగా తెరిచి ఉన్నాయి. అంచులు మాత్రం పీచుపీచుగా ఉన్నాయి.

"ఈ మరుగు పుటలు ఎవరు తెరిచారు?" అన్నాను.

"మరుగేందప్పా. వెదురుబద్దతో నేనే కోస్తి" అన్నాడాయన. "పాత పుస్తకాలు అచ్చాఫీసు నుంచి అట్లనే వస్తాయి. పెద్ద కాగితాన్ని మడతపెట్టి కుట్టేస్తారు. చదివేటోడు మడత కోసుకుంటా పోవాల. కొయ్యలేదంటే చదవలేదని."

అక్కడే బల్ల మీద కూర్చొని రెండో పుట, మూడో పుట, ఆపైన ఆరూ ఏడూ చదివాను. చెవులు వేడెక్కాయి. చూచువాడెవడని విచారింపగా వాడు నీకంటే వేరు కాడని తేలుతుంది, అంతే, అక్కడితో వాక్యం అయిపోయింది. ఆ తర్వాత ఒక మూర్ఖుడి కథ. వాడు దాటించడానికి వచ్చిన పడవను కాదని, ఎద్దు తోకను విడువక పట్టుకొని ఏటిలో నిలిచెను. ఇలా చేయకూడదని చెప్పడానికి గ్రంథకర్త ఇచ్చిన ఉదాహరణ అది. ఇక గురువు శిష్యుడి శిరస్సుపైన ఉంచింది చేయి. దాంతో శిష్యుడికి పొగరెక్కింది. పొగరు దించడానికి మరునాడు వంకాయల గంప పెట్టాడు. ఈ రెండో కథ నా గురించే రాసినట్టుంది.

ముసలాయన నా ముఖం చూసి ఊరుకోలేదు. "మీ ఊర్లో పుస్తకం ఇంకా మూసే ఉండాదంటే, దాన్ని ఇంతవరకు ఎవురూ చదవలేదన్నట్టే" అన్నాడు.

"దాన్ని ఇచ్చిన గురువు చదివి ఉంటాడు" అన్నాను.

"గురువైతే మాత్రం, కొయ్యకుండా ఎట్ల చదువుతాడప్పా" అన్నాడు.

తిరుగు బస్సులో నాకు రెండు దిగుళ్లు. నా పరువు సంగతి ఒకటి. దానికంటే పెద్దది ఇంకొకటి. గురువే చదవని పుస్తకంలో పెద్దాయన తన భార్య మనసు వెతుక్కుంటున్నాడు. చెబితే ఆయనకు ఉన్న ఆ ఒక్క దారీ పోతుంది. చెప్పకపోతే ఎద్దు తోక పట్టుకొనే ఉంటాడు. బస్సు దిగేసరికి చెప్పకూడదనే నిర్ణయించుకున్నాను. అందులో పెద్దాయన మీద దయ ఎంతో, నా పరువు మీద ప్రేమ ఎంతో నేను విడదీయలేను.

మరునాడు పొద్దున ఎద్దు తన్నింది.

పెద్ద దెబ్బ కాదు. తొడ కమిలింది. కోడలు పసుపూ సున్నం నూరి గిన్నె నా చేతికిచ్చి "మామకు చెప్పు" అని మాత్రం అని, మిగతాది మింగేసింది. ఆయన మంచం మీద కూర్చొని పట్టు వేసుకుంటూ అన్నాడు. "నా పట్టులోనే ఏందో తప్పుండాది. అయివోరూ, ఆ ఎద్దు పుట మళ్లొకసారి చదువు. మా యింటామె పదైదేండ్లు తప్పు లేకుండా పట్టుకునుంటే నేను రెండు నెలలు పట్టుకోలేకపోతి."

ఇక నావల్ల కాలేదు. సాయంత్రం అందరూ చేరాక, పుస్తకం విప్పకుండానే ఉన్నదంతా చెప్పేశాను. మడతలు, వెదురుబద్ద, మూర్ఖుడు, వంకాయలు. నేను రెండు నెలలు చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా పుస్తకంలో లేదన్నాను.

ముందు శెట్టి తేరుకున్నాడు. "మరి నేను యాల మానేస్తి వంకాయ" అన్నాడు. శిల్పి నవ్వడం మొదలుపెట్టి, పెద్దాయన ముఖం చూసి ఆపేశాడు.

పెద్దాయన చాలాసేపు లెక్క చూసుకున్నట్టు పుస్తకం అంచులు చూస్తూ కూర్చున్నాడు. "అయితే ఆ గురువప్ప గూడా దీన్ని చదవలేదు" అన్నాడు.

"చదవలేదు."

"మరి ఆమె చెవులో ఏం చెప్పినాడు?"

"నాకు తెలియదు" అన్నాను. ఆళ్లగడ్డలో నేను ఆ మాట అనడం అదే మొదలు.

"పదైదేండ్లు పసుపూ కుంకుమా పెట్టె" అన్నాడు. "ఏమీ తెలీనోడు ఏందో చెప్తే దాన్ని దాచిపెట్టుకొని నవ్వుకుంటా తిరిగె. మోసపోయింది. మోసపోయినానని గూడా తెలీకనే పాయె."

నాకు ఏడుపు వచ్చింది. ఆయనకు చెప్పి తప్పు చేశాననిపించింది. తలుపు వెనక చేట చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

"అయివోరూ, మామకు చెప్పు" అని వినపడింది. నేను అటు తిరిగాను. కోడలు గడప దాటి ఇవతలికి వచ్చింది. కొంగు తలమీదికి లాక్కొని, నన్ను దాటుకొని పోయి, "మామా" అంది.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఎక్కడ చూడాలో తెలియక దూలం వైపు చూశాడు.

"అత్తనెవురూ మోసం చేయలే. ఆ గురువప్ప చెవులో ఏం చెప్పలేదంట. తలమీద చెయ్యి పెట్టి, నీకు నేను చెప్పేదేముందమ్మా, పోయిరా అన్నాడంట. అంతే. అత్త నాతో చెప్పింది. మామకు గూడా చెప్పు అంటి. వద్దనింది." అత్త మాటలనే అప్పజెప్పింది. "పెండ్లయి నలభై ఏండ్లు. బువ్వ అయిందా, ఎద్దులకు గడ్డి ఏస్తివా, ఇవే గానీ ఆయప్ప నన్ను ఇంకోటి అడగలే. నా లోపల ఏముందని అడిగేది ఇదొక్కదాన్నే. చెప్పేస్తే ఇంక అడగడు అనింది."

శెట్టి చెప్పుల కోసం వెతుక్కుంటున్నట్టు వంగి, అలాగే మెల్లగా వెళ్లిపోయాడు. శిల్పి కూడా ఆయన వెనకే పోయాడు. నేనూ పోవాల్సింది, పోలేదు. పెద్దాయన మళ్లీ కూర్చున్నాడు. పుస్తకం ఒడిలో పెట్టుకొని, అట్ట మీద గట్టిపడిన పసుపును వేలితో తడుముతూ ఉండిపోయాడు. ఆయన కళ్లలో నీళ్లు లేవు. పదిహేనేళ్లు ఒకే ప్రశ్న అడిగిన మనిషి, ఆ ప్రశ్నకు ముందున్న పాతికేళ్లను వెనక్కి తిరిగి చూసుకుంటున్నాడని నాకు అనిపించింది.

చివరికి తల ఎత్తి, నావైపు కాకుండా, కోడలివైపే చూశాడు.

"నువ్వు గూడా ఈ రెండు నెల్లూ తలుపెనక ఉండి వింటివి గదమ్మా" అన్నాడు. "నీకేమనిపించె?"

ఆమె గడప మీద కూర్చుంది. "ఆ ఎద్దు తోక పట్టుకున్నోడు తిక్కోడని నాకు మొదటి దినమే తెలుసు మామా" అంది.

మూడు రోజుల వ్యాఖ్యానం, రెండు నెలల సాధన, ఒక తన్ను. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"నన్నెవురడిగినారు అయివోరూ?" అంది. కోపంగా అనలేదు. జొన్నల్లో రాయి ఏరి పక్కన పెట్టినంత మామూలుగా అంది.

పెద్దాయన పుస్తకం తీసి పక్కన పెట్టి, గోడకు ఆనుకొని కూర్చున్నాడు.

"ఇప్పుడు అడుగుతాండా" అన్నాడు. "చెప్పమ్మా."